నలుగురు బయల్దేరితే తిండి సంగతి ఎవరు చూడాలి?

గత నెల ఈ పేజీలో, ఇంటివాళ్లతోనో స్నేహితులతోనో ఊళ్లు తిరిగినప్పుడు తిండి దగ్గర మీకెదురైన ముచ్చట్లూ తిప్పలూ రాయమని అడిగాను. ముచ్చట్ల కన్నా తిప్పలే ఎక్కువ వచ్చాయి. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు చదివాను. మా ఇంట్లో అయినా మా స్నేహితుల్లో అయినా ఎవరు ఎటు బయల్దేరినా ముప్పై ఏళ్లుగా తిండి సంచి నా భుజానే ఉంటుంది. ఆ అనుభవంతోనే జవాబులు రాస్తున్నాను. ఒంటి సంగతి వచ్చినచోట మాత్రం మీ డాక్టరు మాటే వినండి.

ప్రశ్న: కాలేజీ రోజుల స్నేహితులం ఆరుగురం పన్నెండేళ్ల తర్వాత కలిసి అయిదు రోజుల ట్రిప్‌కి వెళ్లాం. రోజూ మధ్యాహ్నం ఎక్కడ తినాలన్న దగ్గరే పేచీ. ఒకరికి మాంసం ఉండాలి, ఇద్దరు శాకాహారులు, ఒకామె ఫోన్‌లో రేటింగులు చూడందే లోపలికి అడుగు పెట్టదు. మూడో రోజు మూడున్నర దాకా తిండి లేదు, నడిరోడ్డు మీద మాటా మాటా అనుకున్నాం. తిరిగొచ్చాక గ్రూపులో ఎవరూ మెసేజ్ పెట్టడం లేదు. మా స్నేహం ఇంత బలహీనమైనదా మేడమ్?

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరంలో ఆ "మూడున్నర" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. పొద్దున ఎప్పుడో కాస్త టిఫిన్ చేసి, ఎండలో నాలుగైదు గంటలు నడిచి, కడుపులో ఏమీ లేకుండా ఆరుగురు నిలబడి వాదించుకుంటే ఎంత మంచివాళ్లయినా ఒక మాట తూలతారు.

మాకూ ఒకసారి ఇలాగే జరిగింది. నలుగురం స్నేహితురాళ్లం, తెలియని ఊరు, రెండో రోజు. మాలో అందరికన్నా నెమ్మదస్తురాలు ఒకతి ఉంది. కాలేజీలో ఆమె గొంతు పెంచగా మేం ఎన్నడూ వినలేదు. ఆ రోజు ఆమె మెనూ కార్డు బల్ల మీద గిరాటేసి లేచి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లాను. బయట మెట్ల మీద కూర్చుని ఉంది. నేనేమీ అడగలేదు, సంచిలో ఉన్న అరటిపండు తీసి చేతిలో పెట్టాను. మాట్లాడకుండా మొత్తం తినేసింది. తొక్కని నాలుగు మడతలు మడిచి గుప్పిట్లో పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. "పొద్దున్నుంచీ ఆకలేస్తోందే, మీరంతా ఫొటోలు తీసుకుంటుంటే ఎలా చెప్పను?" అంది.

అప్పటిదాకా నేను, ఆకలేస్తే ఎవరికి వాళ్లే చెబుతారు కదా అనుకునేదాన్ని. చెప్పరు. నలుగురిలో ఉన్నప్పుడు మొహమాటం ఉన్నవాళ్లు అసలు చెప్పరు. అందుకని తిండి వేళ ఒకరు కనిపెట్టి ఉండాల్సిందే. ఆ రోజు నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం ఎక్కడ తినాలో ముందురోజు రాత్రి, కడుపు నిండి ఉన్నప్పుడే తేల్చుకుంటాం. రోజుకొకరి వంతు. ఆ రోజు ఆవిడ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి మిగతావాళ్లు నోరు మెదపకుండా వెళ్లాలి, బాగోలేకపోయినా ఆవిడ్ని ఒక్క మాట అనకూడదు. శాకాహారులకి కనీసం రెండు రకాలు దొరికే చోటు అయి ఉండాలన్నది ఒక్కటే షరతు. ఒంటిగంటన్నర దాటాక ఏ కోటా ఏ మ్యూజియమూ లేదు, ముందు భోజనం. ఇది కాక ప్రతి ఒక్కరి చేతిసంచిలో ఒక పండు, గుప్పెడు పప్పులు ఉంటాయి. వాటిని ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు.

డబ్బు సంగతి మీరు రాయలేదు కానీ నేనే చెబుతాను, ఎందుకంటే సగం గొడవల వెనక అదే ఉంటుంది. బిల్లు ఆరుతో భాగించడం చూడ్డానికి సుఖంగానే ఉంటుంది. కానీ సూప్ తాగి ఊరుకున్నామె మూడోసారి అలా కట్టేసరికి మనసులో ముడి పడుతుంది. నీళ్లు, పండ్లు, టీలు ఉమ్మడి పర్సులోంచి, భోజనం ఎవరిది వాళ్లు. మా వాళ్లకి ఇది బాగా కుదిరింది.

ఇక గ్రూపు. ముందు మీరే మెసేజ్ పెట్టండి. తప్పెవరిదో తేల్చే జోలికి వెళ్లకండి. ఆ మూడో రోజు చివరికి దొరికిన భోజనం ఫొటో ఒకటైనా ఉండే ఉంటుంది, అది పెట్టండి. ఆరుగురిలో ఒక్కరైనా జవాబిస్తారు.

ప్రశ్న: రైలు ప్రయాణానికని పొద్దున అయిదింటికే అన్నం వండి, వేడివేడిగా పెద్ద డబ్బాలో నొక్కి పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి అందరం తిన్నాం. వాసన లేదు, రుచి మారలేదు. సాయంత్రానికి పిల్లలతో సహా అయిదుగురికి వాంతులు. మా అత్తగారు ఇంకా నా వంటనే అంటున్నారు. నిజంగా నా తప్పేనా అండీ?

జవాబు: వంట తప్పు కాదు, డబ్బా తప్పు. మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా గట్టి గింజల్లాంటి రూపంలో ఉండే అవకాశం ఉంది. స్పోర్లు అంటారు. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేలుకుని పెరిగి విషం తయారు చేస్తాయి. దానికి వాసన ఉండదు, రుచి ఉండదు. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. మీ ఇంట్లో జరిగింది చూస్తే దీనిలాగే ఉంది.

పెద్ద డబ్బాలో నొక్కి మూత పెట్టినప్పుడు పైన చల్లారినట్టు కనిపిస్తుంది, నడుమ మాత్రం మధ్యాహ్నం దాకా వెచ్చగానే ఉంటుంది. మీరే ఒకసారి గరిటె కాడ నడిమికి గుచ్చి చూడండి. వండిన పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో రెండు గంటలు దాటకూడదు. ఎండాకాలం 32 డిగ్రీలు దాటిన రోజైతే ఒక్క గంటే. ఇది తెలిశాక దూర ప్రయాణానికి నేను అన్నం కట్టడం మానేశాను. బాగా కాల్చిన పొడి రొట్టెలు, వేయించిన పప్పులు, తొక్క తీసుకుని తినే పండ్లు తీసుకెళ్తాను. అన్నమే కావాలంటే వేడిగా వండి వడ్డించే చోట తింటాం.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందు చూడాల్సింది ఒంట్లో నీళ్లు తగ్గకుండా. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైనా సంచిలో పడేసుకోండి. దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లలో చక్కెర ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా కలపండి. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం కాబట్టి కళ్లతో అంచనా వేసి వేయొద్దు. గుటకా గుటకా తాగించాలి, ఒక్కసారి గ్లాసుడు పట్టిస్తే మళ్లీ కక్కేస్తారు. ఇంత చిన్న విషయం ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే గ్లాసులతో తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి వచ్చాయి. చంటిపిల్లలు నీరసంగా వాలిపోతున్నా, మూత్రం తగ్గినా, రక్తం పడినా ఈ నీళ్లతో సరిపెట్టుకోకండి, దిగిపోయి ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: కారులో వెళ్తుంటే మా మామగారు మధ్యాహ్నం అయ్యేసరికి ఊరికే కసురుకుంటారు. దారి తప్పావంటారు, ఏసీ అంటారు. షుగర్ ఉంది, మాత్రలు వాడతారు. ఆయనతో ట్రిప్ అంటేనే మా ఆయనకి టెన్షన్. ఎలా సర్దుకుపోవాలి?

జవాబు: సర్దుకుపోవడం కాదమ్మా, ఈసారి కసిరినప్పుడు బండి పక్కకి ఆపి ఆయన చేతులు పట్టుకుని చూడండి. చల్లగా, చెమటగా ఉన్నాయా? వణుకు ఉందా? మాట తడబడుతోందా? అయితే అది కోపం కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు.

మా నాన్నగారి విషయంలో నేను ఇది చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకసారి కారు వెనక సీట్లో ఆయన చొక్కా గుండీ విప్పబోతూ, విప్పలేక, ఒకే గుండీ దగ్గర మళ్లీ మళ్లీ తడుముకోవడం అద్దంలో కనిపించింది. "నాన్నా, ఏమైంది?" అంటే, "నీకు అన్నీ కావాలి" అని అరిచారు. నన్ను ఎన్నడూ అలా అనని మనిషి. షుగర్ చూసే మిషన్ పెట్టి చూస్తే 54. ఉదయం మాత్ర వేసుకున్నారు, భోజనం రెండు గంటలు ఆలస్యమైంది, అంతే. చక్కెర నీళ్లు తాగాక పావుగంటకి, "ఎందుకమ్మా బండి ఆపారు?" అని అడిగారు.

మిషన్ దగ్గర పెట్టుకోండి. 70 లోపు ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు టీ చెంచాలు, లేదా చిన్న గ్లాసుడు పండ్లరసం ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక ఏదైనా తినిపించాలి. చాక్లెట్ మీద ఆధారపడకండి, అందులోని కొవ్వు వల్ల నెమ్మదిగా ఎక్కుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే. ప్రయాణం రోజుల్లో మాత్ర ఎంత, ఎప్పుడు అన్నది బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. విమానమైతే ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, కింద సామాన్లలో పెడితే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.

తెలిసిన దగ్గర్నుంచి మా ఇంట్లో నాన్నగారి భోజనం వేళే అందరి భోజనం వేళ అయింది. మీవారికి కూడా ఆయన మీద కోపం కరిగిపోతుంది చూడండి.

ప్రశ్న: కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లాం. ఎంతసేపు ఉడికించినా అన్నం పలుకు పోలేదు, పప్పు అసలు మెత్తబడలేదు. అది తినే మా తమ్ముడికి వాంతులయ్యాయని అనుకున్నాం. ఏం వండుకోవాలి మేడమ్?

జవాబు: పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందనుకోండి. 3,500 మీటర్ల దగ్గర 88 డిగ్రీలకే మరిగిపోతాయి, ఎవరెస్టు మీద 70 దరిదాపుల్లోనే. మంట ఎంత పెంచినా ఆవిరి పెరుగుతుందే తప్ప వేడి పెరగదు. చిన్న కుక్కర్ మోసుకెళ్తే తీరుతుంది. లేకపోతే నానబెట్టిన బియ్యం, అటుకులు, ఓట్స్ లాంటివి. తాగే నీళ్లు కూడా 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు కళపెళా మరగాలి, కింద ఒక నిమిషం చాలు.

కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీ తమ్ముడి వాంతులు. మా బృందంలోనూ ఒకాయన ఇలాగే కక్కుకుంటే ఉడకని అన్నం మీదకి తోసేశాం. అల్లం నీళ్లు ఇచ్చి, సాయంత్రం పై క్యాంపుకి నడుద్దామనుకున్నాం. మా గైడ్ వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుని ఒకటే అడిగాడు, "తలనొప్పి ఉందా?" ఉంది, పొద్దున్నుంచీ ఉంది, మాకు చెప్పలేదు. గైడ్ ఇంకేమీ మాట్లాడకుండా ఆయన సంచి తన భుజాన వేసుకుని కిందకి దారి పట్టాడు. మధ్యాహ్నానికల్లా ఆయన, తినడానికి ఏముందని అడిగాడు.

2,500 మీటర్లు దాటాక తలనొప్పితో పాటు వాంతులు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ముందు ఎత్తునే అనుమానించాలి. పైకి ఒక్క అడుగూ వేయకూడదు. తగ్గకపోతే దిగాలి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా రాత్రయినా సరే దింపాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకుండా చూసుకోండి. అక్కడ ఆకలి ఎలాగూ చచ్చిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినమని మీ తమ్ముడికి చెప్పండి.

ప్రశ్న: మా అయిదేళ్ల పాప కారెక్కితే చాలు వాంతి చేసుకుంటుంది. ఏమీ పెట్టకుండా తీసుకెళ్తే మేలా?

జవాబు: వద్దు, ఖాళీ కడుపు ఇంకా తిప్పుతుంది. బయల్దేరే గంట ముందు పొడిగా, తేలిగ్గా ఏదైనా పెట్టండి, నూనెవీ పాలూ వద్దు. కదలిక ఉందని చెవి లోపలి భాగం చెబుతుంటే, ఎదురుగా సీటు కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ తికమకకే కడుపు తిప్పడం. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. ఫోన్, బొమ్మల పుస్తకం తీసేసి, కిటికీలోంచి దూరంగా చూపించండి, కిటికీ కాస్త దించండి. మందు కావాలంటే డాక్టరు చెప్పిన మోతాదు బయల్దేరే ముందే వేయాలి, వాంతి మొదలయ్యాక లాభం లేదు.

ప్రశ్న: విమానంలో తిండి ఎందుకంత చప్పగా ఉంటుంది? మా అమ్మ ఇంటి నుంచి ఉప్పు పొట్లం తెచ్చుకుంది!

జవాబు: మీ అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. లోపలి గాలి ఒత్తిడి సుమారు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, తేమ చాలా తక్కువ. ముక్కు ఎండిపోతే రుచి సగం పోతుంది. ఉప్పు, తీపి నాలుకకి మందంగా తెలుస్తాయి. ఇంజిన్ల హోరు కూడా తీపిని తగ్గిస్తుంది. టమాటా, పుట్టగొడుగుల్లో ఉండే ఉమామి అనే కమ్మటి రుచి మాత్రం నిలుస్తుంది. ఆ రుచికి కారణమైన పదార్థాన్ని 1908లో జపాన్‌లో కికునే ఇకెదా వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. ఈసారి అమ్మగారికి టమాటా రసం అడిగి ఇప్పించండి. బీపీ ఉంటే ఉప్పు పొట్లం మాత్రం తీసి దాచేయండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పోయాయి, ఇక ప్రయాణాలు చేయలేదు. మేం ఎక్కడికి వెళ్లినా రాత్రి ఫోన్ చేసి "ఏం తిన్నారు?" అని అడుగుతుంది. ఆమెని వదిలేసి మేం తిరుగుతున్నామన్న బాధతో "ఏదో తిన్నాంలే అమ్మా" అని పెట్టేస్తుంటాను. ఏం చెప్పాలో తెలియదు.

జవాబు: అన్నీ చెప్పమ్మా. దాచిపెట్టి ఆమెని ఇంకా దూరం చేయకు. ఏం వడ్డించారు, ఎంత వేడిగా ఉంది, పిల్లలు ఏది పక్కకి తోసేశారు, పక్క బల్ల వాళ్లు ఏం తింటున్నారు, అన్నీ చెప్పు. ఫోన్ కెమెరా కంచం మీదకి తిప్పి చూపించు. ఒక పూట ఆమెనే అడుగు, "అమ్మా, ఇక్కడ ఇవి ఇవి ఉన్నాయి, ఏం తినమంటావు?" అని. ఆమె చెప్పిందే తెప్పించుకుని తిను.

మా అమ్మ ఒక చిన్న నోటుపుస్తకం ప్రయాణాలకి తీసుకొచ్చేది. చూసినవి ఏమీ రాసేది కాదు, ఎవరు ఏం తిన్నారో రాసేది. "పెద్దాడు రెండుసార్లు పెట్టించుకున్నాడు. చిన్నది పెరుగు ముట్టలేదు, జలుబేమో." ఆమె మంచం పట్టాక మేం వెళ్లిన ప్రయాణాలు కూడా అందులో ఉన్నాయని ఆమె పోయాకే చూశాను. రాత్రి ఫోన్‌లో నేను చెప్పినవి, తేదీలతో సహా, చేయి వణికిన అక్షరాలతో రాసుకుంది. ఒక పేజీలో తేదీ ఉంది, ఎదురుగా ఖాళీ. ఆ రాత్రి నేను అలసిపోయి, పొద్దున చేస్తాలే అని ఫోన్ చేయలేదు. ఖాళీ కింద పెన్సిల్‌తో చిన్నగా, "తినే ఉంటారు" అని రాసి ఉంది.

ఈ రాత్రి ఫోన్ చెయ్యమ్మా.